ఎంత?

గూండివిండి నుంచి మంగళవారం పొద్దున ఫోనొచ్చింది.
వంతెన కింద ఆరు మీటర్లు, అంది మెర్ల్ కూతురు.
గొంతులో ఇంకా వాన తడి.

ఆరు మీటర్లు మా దాకా నడిచి రావడానికి
ఏడెనిమిది వారాలు.
నీళ్లిక్కడ పరుగెత్తవు.
కుంటుకుంటూ వచ్చే చుట్టంలా
ఊరూరా ఆగి, ఎవరింటనో ఎంగిలిపడి,
చీకటి పడ్డాక గుమ్మంలోకొస్తాయి.
రాకపోనూవచ్చు.

వంటింటి గోడకి
పిండిసంచి కాగితం మీద నేను గీసుకున్న పటం:
మెకింటైర్, గ్వైడిర్, నామోయ్,
అటు ఉత్తరం నుంచి కల్గోవా, వారెగో.
పారూకి సగం దారిలోనే ఇసకలో మనసు విరుగుతుంది,
ఏ పదేళ్లకో వచ్చి పెద్ద ఏటిని పలకరించి పోతుంది.
పైన కొంత దూరం రాష్ట్రాల సరిహద్దు
నీళ్ల నడుమనుంచే పోతుంది.
ఈ గట్టుకో చట్టం, ఆ గట్టుకో చట్టం.
కప్ప రెండు బారలు ఈదితే పరరాష్ట్రం.
దిగువన ఇంకో రెండు రాష్ట్రాలు
గిన్నెలు బోర్లించుకుని కూచున్నాయి.

ముంగిండి: నాలుగు.
వాల్గెట్ దగ్గర నామోయ్ కలిశాక పెరగాలి కదా,
తగ్గింది.
లెక్కల పుస్తకంలో కలిసింది నది,
ఏట్లో కలవలేదు.
బర్క్ నుంచి ఫోన్ చేసినతను
అంకె చెప్పే ముందు కాసేపు దగ్గాడు.

నాకు తెలుసు ఎందుకో.
ఆ పత్తిచేల గట్టున మోటార్లు బిగించింది నేనే,
ముప్పైనాలుగో ఏట.
అరవయ్యారు సెంటీమీటర్ల గొట్టం.
మావాడు అందులోకి దూరి కేక పెట్టి
తిరిగొచ్చిన తన గొంతు విని నవ్వేవాడు.
పన్నెండు పంపులూ ఒక్కసారే తిప్పిన రాత్రి
ఏరు వెనక్కి నడిచింది.
చూశాను, టార్చి వెలుగులో,
తేలుతున్న నీలగిరి ఆకు ఒకటి
ఆగి, కాస్త తిరిగి, ఎగువకి పోవడం.
అందరం నవ్వాం, చేతుల గ్రీజు పాంటుకి తుడుచుకుంటూ.
ఆసామి నాకో గొర్రె తొడ ఇచ్చాడు,
గట్టిగా గడ్డకట్టింది. బస్తాలో చుట్టుకుని తెచ్చుకున్నాను.

ఇక్కడ కుళాయి తిప్పితే బోరు ఉప్పు.
పసిపిల్లల స్నానానికి లారీలో సీసాలొస్తాయి.
పక్కింటి డల్సీ వాళ్లు ఏటిని బాకా అంటారు,
తమని ఏటివాళ్లమంటారు, అదే వాళ్ల జాతి పేరు.
మడుగు అడుగున చచ్చిన చేపల్ని
పారతో ఎత్తుతూ ఒకరోజు అడిగింది:
ఏరు లేకపోతే మమ్మల్నేమని పిలుస్తావు, లెస్?
నేను పార తీసుకున్నాను.
అరవయ్యారు, అరవయ్యారు,
నోట్లో ఆ అంకె నానుతూనే ఉంది.

తొమ్మిదో వారం, గురువారం, ఎండ నెత్తికెక్కాక
పిల్లలు వంపు దగ్గర్నుంచి వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చారు.
వాళ్ల కాళ్ల ముందు నీటి మొగం.
వేలెడు లోతు.
బెరడు, గొర్రె పెంటికలు, గోధుమరంగు నురగ,
గుడ్లు నోట కరుచుకుని పారిపోయే చీమలు,
అన్నిటినీ తోసుకుంటూ
పెనం మీద పిండి పోసినట్టు సుర్రుమంటూ వచ్చింది.
ఒక్కో పగులు దగ్గరా ఆగింది,
పగులు నిండేదాకా కదల్లేదు.
డల్సీ చెప్పులు విప్పి నించుంది.
నేను విప్పలేదు.

మెనిండీ నుంచి కోస్టాస్ ఫోన్.
ద్రాక్షతీగలు కొట్టేయాలా ఉంచాలా, తెలియాలతనికి.

కర్ర దించాను.
తడి ఎక్కడిదాకా వచ్చిందో కనపడక
కళ్లజోడుకోసం ఇంట్లోకి వెళ్లొచ్చాను.

వస్తోంది, అన్నాను.

ఎంత, అన్నాడు.